జిప్సము బస్తాలకు ముందు సమీకరణము

పురానాపూలు వంతెన దాటి పాతనగరము ప్రక్కగా పారు మూసీనది, తూర్పుననున్న కాచివానిసింగారము మొదలగు గ్రామములకు నీటిని మాత్రమేగాక నగరపు ఇండ్లలోని ఉప్పును, చాకలిసోడాను, సబ్బును గూడ మోసికొని పోవుచున్నది. ఈ మూడింటను సోడియము కలదు. ఆ నీటితో వరియు పారాగడ్డియు పండించు రైతులకు చౌడుభయ ముండుట సహజమే. ఎకరమునకిన్ని బస్తాలని సభ్యులందరకు జిప్సమును సమముగా పంచవలెనని కొందరు సోదరులు వాదించుచున్నారు. మే మందులకు సమ్మతింపజాలము.

నీట కరగిన లవణము ఆవేశము గల తునకలుగా విడిపోవును. వీనిని అయానులందురు. జిప్సము కరగినపుడు రెండు ధనావేశములు గల కాల్షియమును, రెండు ఋణావేశములు గల సల్ఫేటును వెలువడును. బంకమన్నును అంటియున్న సోడియమునకు ఆవేశ మొక్కటియే. కావున ఒక కాల్షియము రెండు సోడియములను వెడలగొట్టి వాని చోట నిలుచును:

కాల్షియము⁺⁺ + 2 సోడియము–మన్ను = కాల్షియము–మన్ను + 2 సోడియము⁺

సల్ఫేటు పెండ్లికి వచ్చి భోజనము చేసి పోవు చుట్టము వంటిది. పనిలో చేయి వేయదు గనుక దాని పేరు వ్రాయము.

ఆ 2 అను అంకెలోనే రైతు ధనమున్నది. సమీకరణము ననుసరించి 46 కిలోల సోడియమును తొలగించుటకు 172 కిలోల శుద్ధజిప్సము కావలెను. ఒకటికొకటి యని తప్పుగా లెక్కించినవాడు 344 కిలోలు కొనును. సగము సొమ్ము, అదియు అప్పుదెచ్చిన సొమ్ము, మన్నుపాలగును. అంగడి జిప్సము శుద్ధము కాదు. దాని శాతమును చూచి తగినంత పెంచుకొనుట వేరు మాట.

కారుచౌడులో కార్బొనేటు గూడ నుండును. అదియు కాల్షియమును పట్టుకొని సున్నపురాయివలె అడుగున దిగును:

కాల్షియము⁺⁺ + కార్బొనేటు⁻⁻ = కాల్షియము కార్బొనేటు

ఈ వ్యయమునుగూడ లెక్కలో చేర్చవలెను. పాలచౌడు సంగతి వేరు. అందు లవణములు నీట కరగియే యుండును గాని మన్నును పట్టియుండవు. గట్లు వేసి మంచినీరు నిలిపి తీసివేసినచో అవి కొట్టుకొనిపోవును, జిప్సముతో పనిలేదు. ఇట్టి పొలమునకు సమానభాగమని బస్తాలిచ్చుట న్యాయ మెట్లగును?

మొదటి సమీకరణపు కుడివైపును మరల చూడుడు. సోడియము మన్నును విడిచినదే గాని పొలమును విడువలేదు. మురుగుకాలువ లేనిచో అది అచ్చటనే యుండును. వేసవిలో నీరింకగానే మరల పైకి వచ్చును. కావున అప్పులో మొదటి వాయిదాను కాలువలు త్రవ్వుటకే ఈయవలెననియు, కాలువను చూచిన పిమ్మటనే జిప్సమునకు చీటి వ్రాయవలెననియు మా కోరిక. పెట్టుబడి నీటిని గూడ పరీక్షింపక తప్పదు. పోయిన సోడియము కాలువనీటితో తిరిగివచ్చుచుండిన ఏ లెక్కయు నిలువదు.

పంట కోసిన పిమ్మట ఒక్కొక్క మడినుండి వేరువేరుగా 15 సెంటీమీటర్ల లోతువరకు మట్టి తీసి, మడిపేరు వ్రాసి సంఘమునకు పంపుడు. మంచి మడిమట్టిని, చౌడు మడిమట్టిని ఒకే సంచిలో కలుపవలదు.