నిద్రలేపే పద్ధతి
ఇంటర్‌ప్రెటర్ రాసేవాళ్లు ఏ సిస్టమ్‌కు ఆ సిస్టమ్ తీరులోనే ఈవెంట్ లూప్ రాయాలి. 1988లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జాన్ ఆస్టర్‌హౌట్ మొదలుపెట్టిన టీసీఎల్ అనే స్క్రిప్టింగ్ భాషనే చూడండి. యూనిక్స్‌లో దాని లూప్ సెలెక్ట్ వంటి సిస్టమ్ కాల్ దగ్గర నిద్రపోతుంది. పైపులోనో సాకెట్‌లోనో డేటా రాగానే కెర్నల్ లేపుతుంది. విండోస్‌లో ఆ పప్పులుడకవు. అక్కడి సెలెక్ట్‌కు సాకెట్లు తప్ప మరొకటి తెలియదు. మౌస్ క్లిక్కులేమో మెసేజ్ క్యూలో వస్తాయి. అందుకే అక్కడ కంటికి కనబడని ఒక విండోను సృష్టించి, మేల్కొలుపు మెసేజ్‌లు దానికి చేరేలా ఏర్పాటు చేశారు. ఎంత చక్కటి ఆలోచన! స్క్రిప్టు రాసేవాళ్లకు మాత్రం ‘ఆఫ్టర్’, ‘ఫైల్‌ఈవెంట్’ అనే ఆదేశాలు ఎక్కడైనా ఒకటే. అన్నిచోట్లా ఒకే కోడ్ చాలని, కాసేపు పడుకుని లేచి చూసుకునే పోలింగ్ లూప్‌తో సరిపెట్టేవాళ్లతోనే నా పేచీ: పనేమీ లేకపోయినా అది ప్రాసెసర్‌ను లేపుతూనే ఉంటుంది, బ్యాటరీ తినేస్తుంది, నొక్కిన బటన్‌కు ఆలస్యంగా పలుకుతుంది.