ఫార్మాట్ అంటే ఆఖరి మందు



పోయిన వారం మన కంప్యూటర్ రూములో మూడో నంబరు కంప్యూటర్ లేవకుండా పోయింది. ఆన్ చేస్తే విండోస్ గుర్తు వస్తుంది, చుక్కలు తిరుగుతాయి, మళ్ళీ నీలం తెర. ముందు రోజు సాయంత్రం అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. ‘ఆఫ్ చేయవద్దు’ అని తెర మీద రాసే ఉండింది. కానీ కరెంటుకు చదువు రాదు కదా!

రిపేరుకు వచ్చినాయన రెండు నిమిషాలు చూసి, “సిస్టమ్ ఫైళ్ళు పోయినాయి సార్, ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతాది” అన్నాడు. మేము నలుగురం ఒక్కసారే “వద్దు సార్” అని అరిచినాం. సోమవారం మళ్ళీ వస్తానని చెప్పి పోయినాడు. ఇప్పుడు ఆ కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది.

మేము ఎందుకు అరిచినామో అందరికీ తెలియాలి. దసరా సెలవుల్లో తండాల్లో అవ్వల పక్కన కూర్చొని రాసుకొచ్చిన పాటలు అందులోనే ఉన్నాయి. మా లంబాడీ మాటకు సొంత లిపి లేదు, అందుకని తెలుగు అక్షరాల్లో టైపు చేసినాం. టైపు అయిపోయింది కదా అని కాగితాలు పారేసినాం. అది మా తప్పే. పాడిన వాళ్ళల్లో ఒక అవ్వ సంక్రాంతికి ముందే చనిపోయింది. ఇంక ఎవరిని అడగాలి?

నా అభిప్రాయం ఒక్కటే. కంప్యూటర్ లేవలేదని మొదటి రోజే ఫార్మాట్ చేయకూడదు. వంటమాస్టరుకు జ్వరం వస్తే ఆ పూట వంట ఆగుతుంది గానీ స్టోరు రూములో బియ్యం పాడవవు. అట్లాగే విండోస్ ఫైళ్ళు పాడైతే కంప్యూటర్ లేవదు గానీ, మన రాతలు హార్డ్ డిస్కులో మామూలుగా అట్లే ఉంటాయి. ఫార్మాట్ చేయడమంటే వంటమాస్టరుకు జ్వరమొచ్చిందని బియ్యం కూడా పారబోయడమే.

పెద్ద ఉదాహరణ ఒకటి చెబుతాను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తన రక్షణ సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక తప్పుడు ఫైలు వల్ల ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. అందరికీ ఇదే నీలం తెర. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, మన గోడపత్రిక మాదిరే! మరి ఆ 85 లక్షలూ ఫార్మాట్ చేశారా? లేదు. కంప్యూటరును సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఒక్క ఫైలు తీసేయడమే వాళ్ళు చెప్పిన వైద్యం. మన ఊళ్ళో బోరు మోటారు ఆడకపోతే ముందు ఫ్యూజు చూస్తాం, తర్వాత స్టార్టరు చూస్తాం. బోరు పూడ్చేయం కదా!

మన కంప్యూటరుకూ ఒక వరస ఉంది. మొదట, ఉబుంటు లాంటి ఉచిత సిస్టమ్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో లేపాలి. డిస్కుకు రహస్య తాళం వేసి లేకపోతే ఫైళ్ళన్నీ కనబడతాయి, వేరే దాంట్లోకి కాపీ చేసుకోవచ్చు. రెండోది, విండోస్ లేచేటప్పుడు రెండు మూడు సార్లు ఆపితే అదే మరమ్మతు తెర చూపిస్తుంది, అందులో స్టార్టప్ రిపేర్ ఉంటుంది. మూడోది, సేఫ్ మోడ్‌లో లేస్తే ‘ఎస్ఎఫ్‌సి స్కాన్‌నౌ’ అనే ఆజ్ఞ ఇవ్వాలి. అది పాడైన సిస్టమ్ ఫైళ్ళను వెతికి, దాచి ఉంచిన మంచి కాపీలను వాటి స్థానంలో పెడుతుంది. ఏదీ కుదరకపోతే అప్పుడు ఫార్మాట్ చేయండి, మేమూ అడ్డం చెప్పం.

“పిల్లోళ్ళు చేయి పెడితే ఉన్నది కూడా పోతాది” అని పెద్దలు భయపడవచ్చు. అది న్యాయమే. డిస్కులోంచి టకటక శబ్దం వస్తే ఎవరమూ ముట్టుకోకూడదు. మిగతాది కంప్యూటర్ సార్ ఎదుటే చేస్తాం, కాపీ అయ్యేదాకా ఇంకేదీ నొక్కం.

మన ప్రాంతానికి కంప్యూటర్ కొత్త కాదు. 2002లోనే హెచ్.పి. కంపెనీ, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పం ప్రాంతంలో ఐ-కమ్యూనిటీ పథకం మొదలుపెట్టి, ఊళ్ళలో కంప్యూటర్ కేంద్రాలు తెరిచాయి. మిషన్లు వచ్చి ఇన్నేళ్ళయినా, చెడిపోతే బయటి మనిషి కోసం ఎదురుచూడటమేనా? ఆ పని మనమూ నేర్చుకోవద్దా?

వార్డెన్ సార్, సోమవారానికి ముందు ఆదివారం స్టడీ అవర్ ఒక్కటి మాకు ఇవ్వండి. ఒక పెన్‌డ్రైవ్ కావాలి, అంతే. పాటలు బయటికి వస్తే మొదటి పాట వచ్చే నెల ఇదే గోడ మీద చేత్తో రాస్తాం. ఈసారి కాగితం పారెయ్యం.

తప్పులుంటే మన్నించండి.

– 9వ తరగతి విద్యార్థి