కర్తృత్వత్యాగమా? కర్తవ్యత్యాగమా?

సాఫ్ట్‌వేర్ వృత్తిలోనున్న సాధకులలో కొందరియందు ఒక విపరీతవాదము ప్రబలుచున్నది. "పని ఆగినది, ఆపినవారు వేరొకరు. దోషము బయటపడినది, ఆ కోడ్ వ్రాసినవారు వేరొకరు. నేను కర్తను కాను, సాక్షిని మాత్రమే" అని టికెట్‌పై 'బ్లాక్డ్' అను గుర్తు పెట్టి ఊరకుండుటయే వారి దృష్టిలో వైరాగ్యము. ఆగిన పనిని తనదిగా తలచి దాని వెంటబడువాడు వారికి మమకారబద్ధుడు. ఈ వాదము వేదాంతవేషము ధరించిన సోమరితనమే.

గీత పదునెనిమిదవ అధ్యాయము త్యాగమును మూడు విధములుగా విభజించినది. నియతకర్మను మోహముచే విడుచుట తామసము. శరీరక్లేశభయముచే విడుచుట రాజసము. కర్మను చేయుచునే సంగమును, ఫలమును విడుచుట సాత్త్వికము. పక్క బృందమును మరొకమారు అడుగుటకు సంకోచించి పనిని వదలినవాడు వీనిలో ఏ త్యాగము చేసినట్లు? ఫలమును విడువలేదు, నెలజీతము, ప్రశంస, పదోన్నతి అన్నియు కావలయును. విడిచినది కర్మను మాత్రమే.

ఆ అధ్యాయమే కర్మసిద్ధికి అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము అను ఐదు హేతువులను చెప్పినది. "హేతువులు ఐదుండగా భారము నా ఒక్కనిదెట్లు?" అని వారు ప్రశ్నింతురు. ఐదింటిలో కర్త ఒకడే అనుటచే అహంకారము తొలగును గాని కర్త తొలగడు. అడుగవలసినవాడు అడుగనిచో ఆ లోటును తక్కిన నాలుగును పూరింపజాలవు.

దీనికి దృష్టాంతము అంతరిక్షముననే కలదు. నాసా 1998 డిసెంబరు 11న ప్రయోగించిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుని చేరువలో నశించినది. భూమిపైనున్న ఒక సాఫ్ట్‌వేర్ చిన్న థ్రస్టర్ల ప్రచోదనమును పౌండు-సెకన్లలో ఇచ్చుచుండగా, మార్గనిర్ణయబృందము ఆ అంకెలను న్యూటన్-సెకన్లుగా గ్రహించినది. భేదము సుమారు 4.45 రెట్లు. దాదాపు 226 కిలోమీటర్ల ఎత్తున సాగవలసిన నౌక 57 కిలోమీటర్ల వరకు దిగిపోయినది. లెక్కలు పొసగకుండుటను యాత్రాకాలముననే కొందరు గమనించిరి. అయినను ఆ సందేహము ఈమెయిళ్లలోను, సంభాషణలలోను తిరిగినదే గాని నియమబద్ధమైన దోషనివేదికగా మారి పరిష్కారము వరకు సాగలేదు. చూచినవారు లేక కాదు, చూచినదానిని తుదివరకు మోసినవారు లేక నౌక నశించినది. అందరును సాక్షులైన చోట ఫలితమిట్లుండును.

పని తనదనుట మమకారము కాదు. "ఈ కోడ్ నాది, ఇతరులు ముట్టరాదు" అనునది మమకారము. "ఈ ప్రశ్న నా చేతిలోనున్నది, మరొకడు స్పష్టముగా స్వీకరించువరకు దీనిని జారవిడువను" అనునది స్వధర్మము. ఆగిన పనికి అధిపతియైనవాడు అన్నియు తానే చేయనక్కరలేదు. ఏది కావలయునో, ఎవరినుండి కావలయునో, ఎన్నడు అడిగెనో, మరల ఎన్నడు అడుగునో వ్రాసియుంచవలెను. సమాధానము రానిచో పైవారికి తెలుపవలెను. దోషమును అప్పగించునపుడు అది పునరావృతమగు విధమును తెలిపి, ఎదుటివాడు "తీసికొంటిని" అను వరకు నిలువవలెను.

అధికారమునీయక భారమును మాత్రమే మోపి, విఫలమైన నాడు నింద వేయు అధిపతులు కొందరు గలరు. వారిది అధర్మమే. అట్టిచోట అధికారమును అడుగుటయు కర్తవ్యములోని భాగమే. అధిపతి అధర్మమును సాకుగా చేసికొని తన ధర్మమును విడుచుట మాత్రము రెండవ అధర్మమగును.

ఆ దోషమువలన ఆస్పత్రి బిల్లు కట్టలేక వరుసలో నిలిచినవానికి, పింఛను జమగాని వృద్ధురాలికి ఇంజనీరుని సాక్షిభావముతో పనిలేదు. టికెట్ కదలినదా లేదా అనునదొక్కటే వారికి ముఖ్యము. నిష్కాముడగు సాధకుడు దానిని కదలించి, పేరు కోరక మరొక పనికి సాగును.