గెలిచినవాళ్ళను దించకండి

రచయిత్రులు ఆటల జోలికి రాకూడదని ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నా నేను ఖాతరు చేసేదాన్ని కాదు. అంచేత ఈ వారం ఫుట్‌బాల్ గురించి పోట్లాడదలుచుకున్నాను. అదీ మన ఫుట్‌బాల్ కాదు, అమెరికా కాలేజీల ఫుట్‌బాల్. పేరుకే అది కాలిబంతి. బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాణ్ణి గుద్దుకుంటూ పరుగెత్తడమే అందులో ముఖ్యం.

మా అక్క కొడుకు అక్కడ ఎమ్మెస్ చదువుతున్నాడు. పెన్‌పహాడ్‌లో పుట్టి, సూర్యాపేటలో ఇంటర్ చదివినవాడికి ఈ ఆట పిచ్చి ఎలా పట్టిందో తెలియదు గానీ, గట్టిగానే పట్టింది. మ్యాచ్‌లు ఎక్కువగా శనివారాలు జరుగుతాయి. ఆదివారం వీడు కూర్చుని 25 జట్లను వరసపెట్టి, ఒక్కోదాని పక్కన ఒక ముక్క కారణం రాసి, ఇంటిల్లిపాది ఫోన్లకూ పంపిస్తాడు. డిసెంబరు దాకా వారం వారం ఇదే వ్రతం. మా బావకు ఒళ్ళు మంట. "గా లిస్టు వానికి తిండి పెడ్తదా? సదువుకొమ్మని తోలిస్తే ఎవని ఆటకో లెక్కలు రాస్తుండు. నువ్వన్న చెప్పరాదు, రచయిత్రమ్మా!" అని నన్ను ఎగదోస్తాడు.

నేను చెప్పను. చెప్పకపోగా, మన ఇళ్ళల్లో మనం వేసే ర్యాంకులన్నిటికన్నా ఆ కుర్రవాడివే ధర్మంగా ఉన్నాయంటాను. బి.ఏ. చదివినదాన్ని, లెక్కలు నాకంతంత మాత్రమే. అయినా ఈ లెక్క అర్థమైంది.

అక్కడ పై తరగతిలో ఆడే కాలేజీ జట్లు 130కి పైనే. లీగు పోటీల్లో ఒక్కో జట్టు ఏడాదికి ఆడేది సుమారు 12 మ్యాచ్‌లు. అందరూ అందరితో ఆడాలంటే పిల్లలకు డిగ్రీ బదులు పింఛను వస్తుంది. కనుక ఎవరు ఎవరికన్నా మేలో ఎవరో ఒకరు చెప్పక తప్పదు. 1936 నుంచి పత్రికల వాళ్ళు ఓట్లు వేసి చెబుతున్నారు. తర్వాత కోచ్‌ల జాబితా ఒకటి బయల్దేరింది. చాలాకాలం ఫైనల్ మ్యాచ్ అన్నదే లేదు, ఛాంపియన్ ఎవరో ఈ జాబితాలే తేల్చేవి. 1997లో పత్రికల వాళ్ళు మిషిగన్ అన్నారు, కోచ్‌లు నెబ్రాస్కా అన్నారు. ఒకే పీట మీద ఇద్దరు పెళ్ళికొడుకులన్నమాట!

ఇంకో వింత ఏమిటంటే, ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే ఆగస్టులో మొదటి జాబితా వేసేస్తారు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! 2007లో ఆ సోమలింగాల వరసలో మిషిగన్‌ది అయిదో స్థానం. సెప్టెంబరు 1న, లక్ష మందికి పైగా పట్టే తన సొంత మైదానంలో, కింది తరగతికి చెందిన అప్పలాచియన్ స్టేట్ అనే జట్టు చేతిలో 34-32తో ఓడింది. ఆ చిన్న జట్టు పేరు జాబితాలో రాయడానికి అప్పటి నిబంధనలే ఒప్పుకునేవి కావు.

మావాడు అలా కాదు. వాడికి మూడు నియమాలున్నాయి. నాలుగు శనివారాలు గడిచేదాకా జాబితా వేయడు. ప్రతివారం పాతది చెరిపేసి మళ్ళీ మొదటి నుంచి వేస్తాడు. అప్పుడు కూడా కాలేజీల పేర్లు కప్పేసి, ఎవరితో ఆడారు, ఎక్కడ ఆడారు, గెలిచారా ఓడారా అన్న వివరాలే చూస్తాడు. ఇక మూడోది, అసలైనది. రేపు ఏం చేయగలరో అన్న ఊహకు వాడి దగ్గర మార్కుల్లేవు. చేసి చూపించినదానికే మార్కులు.

ఈ మూడో నియమం కోసమే నా పోట్లాట.

2014 నుంచి అక్కడ నాలుగు జట్లతో చివరి పోటీ పెట్టారు. ఆ నలుగురూ ఎవరో 13 మంది సభ్యుల కమిటీ ఒకటి గదిలో కూర్చుని తేల్చేది. 2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు 13 మ్యాచ్‌లాడి 13 గెలిచింది. తన లీగు ఛాంపియన్ కూడా అయింది. మధ్యలో నవంబరులో వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ కాలికి పెద్ద దెబ్బ తగిలింది. క్వార్టర్‌బ్యాక్ అంటే బంతి విసిరి ఆట నడిపించేవాడు, బండికి జోడెడ్ల లాంటివాడు. అతను లేకుండానే ఆ జట్టు తర్వాతి రెండు మ్యాచ్‌లూ నెగ్గింది. అయినా డిసెంబరు 3న కమిటీ వాళ్ళను అయిదో స్థానంలో గుమ్మం బయట నిలబెట్టి, ఒక్కో మ్యాచ్ ఓడిన టెక్సాస్‌నూ అలబామానూ లోపలికి పిలిచింది. ఏం తప్పు చేశారయ్యా అంటే, తప్పేం లేదు, ఇక ముందు మునుపటిలా ఆడలేరట!

కమిటీ పక్షం వాళ్ళకు ఒక జవాబుంది. ఆ తర్వాత ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో అదే ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో చిత్తయిపోయింది. "చూశారా, మేం చెప్పలేదూ?" అన్నారు. చెప్పారు, నిజమే. కానీ ముఖ్యమైన ఆటగాళ్ళు చాలామంది ఆ మ్యాచ్ ఆడనేలేదు. గెలుపుకు విలువ లేదని చెప్పాక ఎవరికి ఆడబుద్ధేస్తుందండీ? విస్తరి లాగేసి, అన్నం మిగిల్చాడని నింద వేసినట్టుంది. 2024 నుంచి 12 జట్లకు చోటిచ్చారు. గది పెద్దదైందే గానీ, గుమ్మంలో కూర్చున్నది ఇప్పటికీ కమిటీయే.

ఊహలకే మార్కులిస్తే ఏమవుతుందో మన హైదరాబాదునే అడగండి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడింది. జోస్యం చెప్పేవాణ్ణి అడిగితే ఇక మీకెందుకీ ఆట అనేవాడే. కానీ సయ్యద్ అబ్దుల్ రహీం అనే బడిపంతులు తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలుస్తూనే ఉంది. 1956 మెల్‌బోర్న్‌లో ఆయన శిక్షణలోనే భారత జట్టు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది. ఫిఫా ర్యాంకులు పుట్టింది 1992లో. మనవాళ్ళు ఏ ర్యాంకూ లేకుండానే వెళ్ళి ఆడి వచ్చారు. ఆడనిచ్చారు కనుక ఆడారు.

కందకు లేని దురద కత్తిపీటకెందుకు, అమెరికా వాళ్ళ గొడవ మనకెందుకు అంటారేమో. ఆ కమిటీ అమెరికాలోనే ఉందనుకుంటున్నారా? మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో ఏటా ఎండాకాలంలో అరుగుల మీద కూర్చుంటుంది. తండ్రి, బాబాయి, మేనమామ అందులో సభ్యులు. యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లుకు తోలిన డబ్బు చేతిలో ఉంటుంది. హైదరాబాదులో హాస్టలు ఫీజు ఒక్కరికే సరిపోతుంది. పిల్ల పదో తరగతిలో బడికి ఫస్టు, ఇంటర్‌లో కాలేజీకి ఫస్టు. పిల్లవాడు రెండుచోట్లా అత్తెసరు. ఎవరు వెళతారు? పిల్లవాడే! "ఆడివిల్ల ఎంత సదివినా ఏం లాభం, రేపు పెండ్లయి పోయేదే గద" అంటుంది కమిటీ. పదమూడుకి పదమూడు గెలిచిన పిల్లకు అయిదో స్థానం. ఈ పిల్లకు కాలయినా విరగలేదు.

ఆ పైన పొద్దున వంటా, సాయంత్రం గొడ్డూ గోదా చూసుకుంటూ ఊరి దగ్గరి కాలేజీలో ఆ పిల్ల డిగ్రీ వెలగబెట్టాలి. మార్కులు తగ్గగానే అదే అరుగు మీద నుంచి "చూశారా, మేం చెప్పలేదూ?" అని వినబడుతుంది. అది 63-3 నాటి మాటే.

అందుకే మా బావకు చెప్పేదొకటే. నీ కొడుకు లిస్టు వాడికి తిండి పెట్టకపోవచ్చు, న్యాయంగా లెక్క రాయడం మాత్రం నేర్పింది. మీరూ ఒక్కసారి ఆ పద్ధతి ప్రయత్నించండి. ఈ ఏడు ఫీజు కట్టే ముందు పిల్లలిద్దరి మార్కుల కాగితాలు పక్కపక్కన పెట్టి, పైనున్న పేర్లు అరచేత్తో మూసి, ముందెవరో తేల్చండి. ఆ తర్వాతే చెయ్యి తీయండి.