స్కూల్ కావాలి.. మా వీధిలో మాత్రం వద్దు! టెక్సాస్ సిటీ కౌన్సిళ్లకు అసలు పవర్ ఎంత?

డల్లాస్ శివార్లలోని ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా లాంటి ఊళ్లు చూస్తుండగానే పెరిగిపోయాయి. 2000లో 33,714 మంది ఉన్న ఫ్రిస్కో 2020 జనాభా లెక్కల నాటికి 2 లక్షలు దాటేసింది. వీళ్లలో మన తెలుగు కుటుంబాలూ చాలానే ఉన్నాయి. ఇళ్లు పెరిగితే స్కూళ్లూ పెరగాలి కదా.. గొడవ అక్కడే మొదలవుతుంది. ఇళ్ల కోసం కేటాయించిన జోన్‌లో స్కూల్ కట్టుకుంటాం, జోనింగ్ మార్చండి అని సిటీ కౌన్సిల్‌కు దరఖాస్తు వెళ్లిందంటే చాలు, చుట్టుపక్కల వాళ్లు అభ్యంతరాలతో క్యూ కడతారు.

వాళ్ల భయాలను కొట్టిపారేయలేం. చాలా ప్రైవేటు స్కూళ్లకు బస్సులు ఉండవు. పొద్దున, సాయంత్రం పిల్లల్ని దింపే కార్ల వరుస మెయిన్ రోడ్డు దాకా వస్తుంది. దానికి తోడు వాన నీరు ఎటు పోతుంది, గ్రౌండ్ లైట్లు ఎన్నింటి దాకా వెలుగుతాయి అన్న ప్రశ్నలు.

ఓట్ల లెక్క ఇదీ..

టెక్సాస్ చట్టం ప్రకారం దరఖాస్తు ముందు ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్‌కు వెళ్తుంది. స్థలానికి 200 అడుగుల లోపు ఉన్న ఆస్తుల యజమానులకు పోస్టులో నోటీసు పంపాలి. ఆ తర్వాత కౌన్సిల్‌లో బహిరంగ విచారణ, ఓటింగ్. అసలు మెలిక ఇక్కడే ఉంది. ఆ 200 అడుగుల పరిధిలో 20 శాతం విస్తీర్ణం ఉన్న యజమానులు రాతపూర్వకంగా వ్యతిరేకిస్తే, మామూలు మెజారిటీ సరిపోదు. నాలుగింట మూడొంతుల మంది సభ్యులు ఒప్పుకోవాలి. అంటే ఏడుగురు సభ్యుల కౌన్సిల్‌లో 4 ఓట్లతో అయ్యే పనికి 6 ఓట్లు కావాలి. ఇద్దరు అడ్డం తిరిగితే స్కూల్ ఆగిపోయినట్టే! మీటింగ్‌లో మైకు పట్టుకుని ఎంతసేపు మాట్లాడినా రాని బలం, ఆ సంతకాలకు ఉంటుంది.

కానీ అన్ని స్కూళ్లకూ ఈ రూల్ వర్తిస్తుందా? లేదు.

ఆస్టిన్ పక్కన సన్‌సెట్ వ్యాలీ అనే చిన్న ఊరు ఉంది. చుట్టూ ఆస్టిన్ నగరమే. అక్కడ క్రీడా సౌకర్యాలు కడతామని ఆస్టిన్ స్కూల్ డిస్ట్రిక్ట్ ముందుకొచ్చింది. మాది ఇళ్ల జోన్, కుదరదని ఊరు అడ్డుకుంది. కేసు టెక్సాస్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1973లో తీర్పు స్కూల్ డిస్ట్రిక్ట్‌కే అనుకూలంగా వచ్చింది. ప్రభుత్వ స్కూల్ డిస్ట్రిక్ట్ తన సౌకర్యాలను సహేతుకంగా ఎక్కడ పెట్టాలనుకుంటుందో, జోనింగ్ పేరుతో ఊరు దాన్ని బయటకు నెట్టలేదని కోర్టు తేల్చేసింది. ఆ ఊళ్లో ఇప్పుడు బర్గర్ స్టేడియం ఉంది. అలాగని డిస్ట్రిక్ట్‌కు ఇష్టారాజ్యం కాదు. భవన భద్రతా నిబంధనలు స్కూళ్లకూ వర్తిస్తాయని 1964లోనే పోర్ట్ ఆర్థర్ స్కూల్ డిస్ట్రిక్ట్ కేసులో అదే కోర్టు చెప్పింది.

ఆ తర్వాత 50 ఏళ్లకు చార్టర్ స్కూళ్ల వంతు వచ్చింది. ప్రభుత్వ నిధులతో, డిస్ట్రిక్ట్‌తో సంబంధం లేకుండా నడిచేవే చార్టర్ స్కూళ్లు. జోనింగ్, పర్మిట్ల విషయంలో వీటినీ స్కూల్ డిస్ట్రిక్ట్‌ల మాదిరిగానే చూడాలని 2023లో హౌస్ బిల్లు 1707 చట్టమైంది. డిస్ట్రిక్ట్‌ను అడ్డుకోలేని చోట చార్టర్‌నూ అడ్డుకోవద్దన్నమాట.

ఇక మిగిలింది ప్రైవేటు స్కూళ్లు. కౌన్సిల్ ఓటు నిజంగా పనిచేసేది వీటి మీదే. ఇదే విచిత్రం. అదే స్థలం, అంతే మంది పిల్లలు, అవే కార్లు.. బోర్డు మీద పేరును బట్టి ఇరుగుపొరుగు వాళ్ల హక్కు మారిపోతోంది. కార్ల క్యూకి ఈ తేడా ఏం తెలుస్తుంది? ట్రాఫిక్ బాధే అసలు కారణమైతే, రూల్ పిల్లల సంఖ్యను బట్టి ఉండాలి కానీ యాజమాన్యాన్ని బట్టి కాదు.

ప్రైవేటు స్కూల్ విషయంలోనూ కౌన్సిల్‌కు ఒక హద్దు ఉంది. టెక్సాస్‌లోనే క్లీబర్న్ నగరం మానసిక వైకల్యం ఉన్నవారి వసతి గృహానికి 3-1 ఓట్లతో పర్మిట్ నిరాకరించింది. 200 అడుగుల లోపు ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి ఇష్టం లేదన్నది అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి. 1985లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఎవరు వస్తారన్న భయం, అయిష్టం కారణాలు కావని స్పష్టం చేసింది. రోడ్డు, డ్రైనేజీ, పార్కింగ్ గురించి అడగొచ్చు. ఎవరి పిల్లలు వస్తారని అడగడానికి లేదు.

మన దగ్గర లెక్క వేరు. హైదరాబాద్‌లో మాస్టర్ ప్లాన్‌లోని భూ వినియోగం మారాలంటే కార్పొరేటర్ల ఓటుతో పనిలేదు. రాష్ట్ర మున్సిపల్ శాఖ జీవో ఇవ్వాలి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి నోటిఫికేషన్ ఇస్తారు గానీ, పక్కింటి వాళ్ల సంతకాలతో ఓట్ల లెక్క మారిపోయే ఏర్పాటు లేదు.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లకు సిటీ నుంచి జోనింగ్ నోటీసు వస్తే ముందు చూసుకోవాల్సింది.. దరఖాస్తు పెట్టింది డిస్ట్రిక్టా, చార్టరా, ప్రైవేటా అన్నదే. మొదటి రెండైతే స్కూల్ వద్దని పోరాడే కంటే, కార్ల క్యూ స్కూల్ ఆవరణ లోపలే ఉండేలా ప్లాన్ మార్చమని అడగడం మేలు.