సంతకం పెట్టేది అమ్మే, కానీ...
బిడ్డకు ఆటిజం అంటే అమెరికాలో ఒకప్పుడు తల్లినే తప్పుపట్టారు. ‘ఫ్రిజ్ తల్లులు’ అన్నారు! తండ్రి మాట ఎత్తింది తక్కువే లెండి. 1977లో బ్రిటన్‌లో 21 జతల కవలలను పరిశీలించి, వంశపారంపర్యం పాత్ర ఉందని తేల్చాక ఆ నింద పలచబడింది. అందుకే జన్యు పరిశోధన అంటే తల్లులు ముందుకు రావడం నాకు వింతగా లేదు.

కానీ 2021 ఆగస్టులో కేంబ్రిడ్జి పరిశోధకులు ‘స్పెక్ట్రమ్ టెన్ కె’ పేరుతో పదివేలమంది ఉమ్మి నమూనాలు అడిగితే, ఆటిజం ఉన్న పెద్దవాళ్లే ఎదురుతిరిగారు. ఈ వివరాలు రేపు ఎవరి చేతికి పోతాయి? మాలాంటి వాళ్లు పుట్టకుండా చేయడానికా? సెప్టెంబరులోనే ఆపాల్సి వచ్చింది.

మాట రాని పిల్లాడి తరఫున సంతకం మనమే పెట్టాలి, నిజమే. నేనైతే పెన్ను తీసేముందు ఒకటి అడుగుతాను: వాడు పెద్దయ్యాక వద్దంటే, వాడి నమూనా వెనక్కిస్తారా?