‘నా దగ్గరుంది’

పాత గ్రామఫోను రికార్డులు పోగుచేసేవాళ్ళు నలుగురు ఒకచోట చేరితే, కాఫీలు వచ్చేలోపే వినబడే మాట ఒకటుంది: “అది నా దగ్గరుంది.” కపిలవాయి రామనాథశాస్త్రి పద్యమా? నా దగ్గరుంది. టంగుటూరి సూర్యకుమారి పాత పాటా? అదీ ఉంది. ఆ మాట అన్న మనిషిని పక్కవాళ్ళు కాస్త అసూయగా, కాస్త భక్తిగా చూస్తారు. అంతటితో ఆ ప్రస్తావన ముగుస్తుంది. “ఏదీ, వినిపించండి” అని ఎవరూ అడగరు. అడిగితే మర్యాదగా ఉండదు.

ముప్ఫయ్యేళ్ళుగా ఆ మాట నేనూ అంటున్నాను. ఇప్పుడు ఆ మాట మీదే నా తగాదా. ఇంట్లో వేల రికార్డులు పెట్టుకుని, వాటికో జాబితా కూడా రాయని మనం సంగీతాన్ని కాపాడుతున్నామని చెప్పుకోవడం పచ్చి అబద్ధం. మనం దాచుకుంటున్నాం, అంతే. ఆ దాచుకోవడమైనా సరిగా చేతకాదు.

చేతకాకపోవడం గురించి నా ఇంటి నుంచే మొదలుపెడతాను. మా ఫ్లాట్‌లో 2,300 పైచిలుకు డిస్కులున్నాయి. సగానికి సగం 78లు, మిగతావి ఎల్పీలు, ఈపీలు. మొదటి పదేళ్ళూ 78లని అటక మీద అప్పడాల దొంతరల్లా పేర్చాను. 78 రికార్డు అంటే లక్క, రాతిపొడి కలిపి పోసిన పలక. గట్టిగానే ఉంటుంది కానీ వంగదు, విరుగుతుంది. పది అంగుళాల రికార్డు బరువు సుమారు 200 గ్రాములు. వంద పేర్చామంటే అడుగుదాని మీద 20 కిలోలు. నా దొంతరల్లో అడుగున ఉన్నవి 11 పగిలాయి. పగిలిన సంగతి కూడా నాకు నాలుగేళ్ళ తర్వాత తెలిసింది.

ఇంకో ఘనకార్యం. బూజు పట్టిన హరిశ్చంద్ర పద్యాల రికార్డు ఒకటి స్పిరిట్‌తో తుడిచాను, ఎల్పీల మీద పనిచేసింది కదా అని. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. వడ్రంగులు కుర్చీలకి వేసే లక్క పాలిష్ కలిపేది అలాగే. దూది నల్లగా వచ్చింది. మురికి అనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాను. అది పద్యం.

ఇవన్నీ తెలుసుకోలేని రహస్యాలేమీ కాదు. రికార్డులు పుస్తకాల్లా నిలువుగా పెట్టాలి. వాలనివ్వకూడదు, ఇరికించకూడదు, అడుగుకో అడ్డుచెక్క ఉండాలి. 78లకి కాగితం కవర్లు వెయ్యాలి. ఎల్పీలకి తళతళలాడే పీవీసీ కవర్లు తొడగకూడదు. కొన్నేళ్ళకి అవి రికార్డు ఒంటికి అంటుకుని మరకలు పెడతాయి. అటక వద్దు, వానకి చెమ్మ దిగే బయటి గోడ వద్దు, నేల వద్దు. వెయ్యి 78లంటే 200 కిలోల బరువని గుర్తుపెట్టుకుని రాక్ చేయించుకోవాలి.

పెద్ద ఆర్కైవుల్లో 20 డిగ్రీల దరిదాపుల్లో వేడి, 40-50 శాతం మధ్య తేమ ఏడాది పొడుగునా మారకుండా చూస్తారు. మే నెలలో విజయవాడ మేడ మీద గదిలో ఈ లెక్క చెబితే రికార్డులు కూడా నవ్వుతాయి. పగలు వేడి, రాత్రి ఏసీ, ఊరెళ్ళినప్పుడు కరెంటు బంద్. ఈ ఎగుడుదిగుళ్ళు ఒక్క తీరుగా ఉండే వేడికన్నా చెరుపు. కాబట్టి ముందుగా ఒప్పుకుందాం: మన ఇల్లు ఆర్కైవు కాదు. మనం వీటికి మధ్యలో దొరికిన కాపలావాళ్ళం.

బూజు, ఎండ, బరువు — వీటితో ఎలాగో వేగవచ్చు. అసలు శత్రువు మన బుర్ర. జాబితా అంతా అందులోనే పెట్టుకుంటాం.

నాకు గురువులాంటి పెద్దాయన ఒకరుండేవారు. పేరు చెప్పను. ఆయన ఇంట్లో దాదాపు మూడు వేల రికార్డులు. ఏది ఏ వరసలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవారు. “రాసుకోవడం ఎందుకయ్యా, నాకు తెలుసుగా” అనేవారు. ఆయన పోయిన ఆరు నెలలకి కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేసి, “బాబాయిగారూ, ఇల్లు ఖాళీ చేస్తున్నాం, మీకేమన్నా కావాలంటే చూసుకోండి” అన్నాడు. మర్నాడే వెళ్ళాను. సినిమా బొమ్మలున్న ఎల్పీలు అప్పటికే ఎవరో బేరమాడి పట్టుకెళ్ళారు. 78లు గోనెసంచుల్లో మెట్ల కింద ఉన్నాయి. పాత సామాన్లవాడు వాటిని తీసుకోనన్నాడట. ఇనుముకి కిలో రేటుంది, కాగితానికి ఉంది, లక్క పలకకి లేదు.

సంచులు విప్పి చూస్తే నాటకాల సెట్లు విడిపోయి ఉన్నాయి. ఒక నాటకం మూడేసి నిమిషాల ముక్కలుగా ఐదారు రికార్డుల మీద ఉంటుంది. అందులో రెండు విరిగితే మిగిలింది నాటకం కాదు, నాలుగు పలకలు. ఏ సెట్టులో ఎన్ని ఉండాలో చెప్పగల మనిషి లేడు, కాగితమూ లేదు. ఆ కుర్రాడిని ఏమనగలను? పారేస్తున్నది ఏమిటో వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన ఆయనకి అన్నీ తెలుసు.

దీనికి మన మిత్రులు చెప్పే జవాబులు మూడు.

మొదటిది: “ఇప్పుడన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదండీ.” ఉన్నవి ఎక్కువగా సినిమా పాటలు. హరికథలు, రంగస్థల పద్యాలు, హాస్య సంభాషణలు, చిన్న కంపెనీల లలితగీతాలు అంత సులువుగా దొరకవు. దొరికినవాటికీ లేబుల్ ఉండదు, నంబరు ఉండదు, పాడింది ఎవరో ఊహించి రాస్తారు. ఎల్పీ సూదితోనే 78 వాయించి ఎక్కిస్తారు. 78 గాడి వెడల్పు, అందులో ఆ సన్నసూది అడుగుకి జారి, వినబడేదాంట్లో సగం గరగరే. వేగం సంగతి చెప్పనే అక్కర్లేదు. తొలినాళ్ళ రికార్డులన్నీ కచ్చితంగా 78 చుట్లవి కావు. 74లో చేసినదాన్ని 78లో తిప్పితే గొంతు హార్మోనియం మీద దాదాపు ఒక మెట్టు పైకి పోతుంది. దాన్ని విని ఆయన శ్రుతి గురించి వ్యాసాలు రాసేస్తాం. పైగా అక్కడున్నది రేపు ఉంటుందన్న భరోసా లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ 78ల ప్రాజెక్టు మీద 2023లో పెద్ద రికార్డు కంపెనీలు కోర్టుకెళ్ళాయి.

రెండోది: “ఇస్తే తిరిగి రావు. కాపీ ఇస్తే వాళ్ళ చానెల్లో పెట్టుకుంటారు.” ఇది నిజమైన భయం. నాకూ రెండుసార్లు జరిగింది. కానీ నేనడుగుతున్నది ముందు జాబితా. జాబితా ఇస్తే పోయేదేముంది? ఇక హక్కుల సంగతి. మన చట్టం రికార్డింగుకి ఇచ్చే గడువు, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. మన 78ల్లో చాలావాటికి అది దాటిపోయింది. పాట రాసినవాళ్ళ, వరస కట్టినవాళ్ళ హక్కులు వేరే, అవి చూసుకోవాలి. అంతేగానీ ఆ హక్కుని నా బీరువా తాళంచెవితో కలిపి చూడకూడదు.

మూడోది ఎవరూ పైకి అనరు. పది మందికీ దొరికితే ఇక “నా దగ్గరుంది” అన్న మాటకి విలువేముంది? ఈ జవాబుకి నా దగ్గర వాదన లేదు. సిగ్గు మాత్రమే ఉంది, ఎందుకంటే నేను జాబితా రాయకుండా గడిపిన ముప్ఫయ్యేళ్ళకీ అసలు కారణం అదే.

వేరేగా చేసినవాళ్ళు లేకపోలేదు. వి.ఎ.కె. రంగారావు గారు వేలాది రికార్డులు పోగుచేసి ఊరుకోలేదు. ‘ఆలాపన’ లాంటి రాతల్లో విన్నదాన్ని మనకి పంచారు. ముంబయిలో రికార్డులు సేకరించేవాళ్ళు 1990లో ఒక సంఘం పెట్టుకుని, పత్రిక నడిపి, వివరాలు అచ్చువేశారు. కోట్టయూరులో రోజా ముత్తయ్య అనే ఒక్క మనిషి పోగేసిన పుస్తకాలు ఆయన పోయాక చెన్నైలో పరిశోధన గ్రంథాలయం అయ్యాయి. ఇక మేము, నాకు తెలిసిన పదిహేను మందిమి, వాట్సాప్ గ్రూపులో రోజూ లేబుళ్ళ ఫోటోలు పెట్టుకుంటాం. ఉమ్మడిగా ఒక్క పట్టిక వేసుకోలేకపోయాం. రెండుసార్లు మొదలుపెట్టాం. ఎవరి దగ్గర ఎన్నున్నాయో బయటపడుతుందని రెండుసార్లూ ఆగిపోయింది.

నేను పోయినేడాది ఒక లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. లేబుల్, దాని మీది నంబరు, లేబుల్ పక్కన నున్నటి చోట చెక్కిన మాట్రిక్స్ నంబరు, పాడినవాళ్ళు, రెండువైపులా ఏముంది, పగిలిందా, అరిగిందా. రోజుకి నాలుగైదు రాస్తే గొప్ప. ఇప్పటికి 1,100 అయ్యాయి. రాస్తుంటే తెలిసింది, ఉన్నాయని ఇన్నాళ్ళూ నేను చెప్పుకున్నవాటిలో 26 లేవు. ఎప్పుడు పోయాయో తెలియదు. నోట్‌బుక్ మొదటి పేజీలో, నా తర్వాత ఇవి ఎవరికి చేరాలో రాసి మా అమ్మాయి చేత చదివించాను. “ఇంత బరువు నాకు ఒదలకుండా మంచిపని చేశావు నాన్నా” అంది.

ఈసారి కాఫీల దగ్గర ఎవరైనా “అది నా దగ్గరుంది” అంటే నేను భక్తిగా చూడబోవడం లేదు. నంబరెంత అని అడుగుతాను. మర్యాద కాకపోయినా సరే.